మా తాత కొలకప్పు

మా తాత మిఫ్లిహ్ మనుషుల ముఖాలు గుర్తుపెట్టుకోడు. ఎదురుగా వచ్చి సలాం చెప్పినవాణ్ణి కూడా "ఎవరబ్బాయివిరా నువ్వు?" అంటాడు. వాడు తన బండి పేరు చెప్పగానే, "ఓరి నువ్వా! పోయిన చలికాలం పొట్టి ఫిల్టరు పట్టుకెళ్ళావు కదూ" అని మెడ పట్టుకుని రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంటాడు.

తాత కొట్టు మా ఊరు మఫ్రక్‌లో మెకానిక్ షెడ్ల వీధి చివర, బాగ్దాదు రోడ్డు ఎక్కే మలుపులో ఉంది. మూడు గోడల నిండా ఆయిల్ ఫిల్టర్లే. నాలుగో వైపు షట్టరు. మధ్యలో ఒక బల్ల, బల్ల మీద కాఫీ కూజా, పక్కన చెవి లేని చిన్న కప్పు. ఆ కప్పు మీద బంగారు రంగు గీతలతో మూడు ఖర్జూరపు చెట్లు ఉండేవి. ఒకటి అరిగిపోయి ఈతపుల్లలా మిగిలింది.

ఫిల్టరు కొనడానికి వచ్చినవాళ్ళలో సగం మంది పొడుగు చూస్తారు. తాతకు అది చూస్తే ఒళ్ళు మండుతుంది.

"పొడుగుతో నీకేం పని? అది నిలబడేది మూతి మీద. మూతి చూడు!" అని గద్దిస్తాడు. "మధ్య కన్నంలో మరలు కలవాలి. చుట్టూ రబ్బరు రింగు ఇంజను మీద సరిగ్గా కూర్చోవాలి. మరలు కలిశాయని బిగించేసి వెళ్ళిపోతారు వెధవలు. మరలు కలవడమంటే పెళ్ళిచూపులు. రింగు కూర్చుంటేనే కాపురం."

జనం పాత ఫిల్టరును పేపర్లో చుట్టి, నల్ల నూనె కారుతుండగా తెచ్చి బల్ల మీద పెడతారు. తాత దాన్ని బోర్లా తిప్పి, వెల్లకిలా తిప్పి, రబ్బరు మీద బొటనవేలు తిప్పుతాడు. తర్వాత ఏదో ఆలోచనలో ఉన్నట్టు కాఫీ కప్పు ఎత్తి, అడుగున మిగిలిన చుక్క నోట్లో పోసుకుని, దాన్ని తీసుకెళ్ళి ఆ ఫిల్టరు మూతి మీదే బోర్లిస్తాడు. క్షణం సేపు. "రెండో వరస, నాలుగోది" అంటాడు. అదే సరైనది. పక్క షెడ్డు నబీల్ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "హాజీ కళ్ళల్లో స్కేలు పెట్టి పుట్టించాడు దేవుడు" అంటాడు. తాత మీసం కిందనుంచి నవ్వుతాడు.

మిగతా కొట్లవాళ్ళు కంపెనీ పుస్తకం తిరగేసి, నంబరు చూసి ఇస్తారు. తాత ఆ పుస్తకం ముట్టుకోడు. "పుస్తకం అచ్చువేసినవాడు అబద్ధమాడొచ్చు, మూతి ఆడదు" అంటాడు.

నేను ఆయన కొడుకు కూతుర్ని, పేరు ఫిద్దా. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ పడలేదు. ఆయన బడిలో ఉండిపోయాడు, నేను కొట్టుకొచ్చేశాను. అంతకు ముందు నుంచే బడి వదలగానే కొట్టుకు వచ్చేదాన్ని. కొత్త డబ్బా విప్పగానే తాత దాన్ని నా చేతిలో పెట్టి, "చదవవే నంబరు. నీ చదువు ఏపాటిదో చూద్దాం" అనేవాడు. నేను చదివేదాన్ని. "శభాష్" అని ఒక ఖర్జూరం ఇచ్చేవాడు. ఎన్ని డబ్బాలైతే అన్ని ఖర్జూరాలు. నాకు పన్నెండేళ్ళు వచ్చేసరికి ఒక పన్ను పాడైపోయింది.

ఆ పన్నెండో ఏడే నాకొక తుంటరి ఆలోచన పుట్టింది. ఒక డబ్బా మీద నాలుగు అని ఉంటే ఏడు అని చదివాను. తాత మెల్లగా తల ఊపి, "శభాష్" అన్నాడు. ఖర్జూరం ఇచ్చాడు.

అది నమిలి మింగేలోపే నాకు సంగతంతా తెలిసిపోయింది. తాత నన్ను పరీక్షించడం లేదు. తాతకు అంకెలు రావు. అక్షరాలూ రావు. చిన్నప్పుడు గొర్రెలు కాశాడు, తర్వాత సైన్యంలో లారీల కింద పడుకుని నట్లు బిగించాడు. ఎవరూ నేర్పలేదు. ఆ కప్పు ఆయన పుస్తకం. కప్పు అంచు రబ్బరు రింగు లోపల బిగుతుగా కూర్చుంటే పెద్ద సైజు, డీజిలు బండ్లది. లోపలికి దిగకుండా రబ్బరు మీదే ఆగిపోతే మధ్య సైజు. రింగునే కప్పేస్తే చిన్నది. మా వీధికి వచ్చే బండ్లన్నీ ఈ మూడింట్లోనే సర్దుకుంటాయి. మిగిలిన తేడాలు ఆయన వేళ్ళకు తెలుసు.

నేనెవరికీ చెప్పలేదు. మంచిదాన్నని కాదు. నాకొక రహస్యం దొరికిందని. ఆ సాయంత్రం పెరట్లో కూర్చుని ఒక్కదాన్నే పడి పడి నవ్వాను కూడా. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే చెవులు కాలిపోతాయి.

నాకు ఇరవై ఏళ్ళు వచ్చిన జులైలో, ఒక బుధవారం కప్పు కడుగుతుంటే జారింది. కొళాయి కింద రాయి మీద పడి నాలుగు ముక్కలైంది. తాత మధ్యాహ్నపు జొహర్ నమాజుకు వెళ్ళాడు. పరుగున పాత బజారుకు పోయాను. అవే మూడు ఖర్జూరపు చెట్లున్న కప్పు దొరికింది. కొట్టు వెనకాల నిలబడి, పగిలిన ముక్కను కొత్తదాని అంచుకు ఆనించి చూశాను. ఒంపు కలవలేదు. కొత్తది గోరు మందమంత ఇరుకు.

చూశాను. తెలుసు. ఆ కప్పుతో ఆయన ఏం చేస్తాడో ఈ భూమ్మీద తెలిసింది నాకొక్కదానికే. "గోరు మందమే కదా" అనుకున్నాను. ఒక చెట్టును ఇసుకతో రుద్ది ఈతపుల్లలా చేశాను. ముక్కలు చెత్తడబ్బాలో పడేశాను. మర్నాడు ఇర్బిద్‌లో మేనత్త ఇంటికి వెళ్ళి మూడు రోజులు పుచ్చకాయలు తిని వచ్చాను.

ఆ మూడు రోజుల్లోనే కొత్త సరుకు వచ్చింది. డబ్బాల రంగులు మారిపోయాయి. చదవడానికి నేను లేను. తాత ఒక్కడే కూర్చుని డబ్బా డబ్బా విప్పి, కప్పు పెట్టి చూసి వరసల్లో సర్దాడు. ఆ ఇరుకు కప్పు మధ్య సైజు రింగులోకి కూడా బిగుతుగా దిగిపోయింది. మధ్యవి సగానికి పైగా పెద్దవాటి వరసలోకి ఎక్కాయి.

నేను తిరిగొచ్చిన రోజే సత్తామ్ వచ్చాడు. అతనికి నీళ్ళ ట్యాంకరు ఉంది. వేసవిలో ఊళ్ళ ఇళ్ళ మీది తొట్లు నింపేది అతనే. పాత ఫిల్టరు బల్ల మీద పెట్టాడు. తాత కప్పు బోర్లించాడు. కప్పు కాస్త వదులుగా కదిలింది. తాత నొసలు ముడుచుకుంది. "వేడికి నీ రబ్బరు సాగిపోయిందిరా, బండిని ఏడిపిస్తున్నావు" అని పెద్దవాటి వరసలోంచి ఒకటి తీసి ఇచ్చాడు.

సత్తామ్ రెండింటినీ చేతుల్లో పట్టుకుని, "ఒకసారి మూతీ మూతీ ఆనించి చూద్దామా హాజీ?" అన్నాడు.

"నా చేతి మీద నమ్మకం లేదా?"

"అయ్యో, అదేం మాట హాజీ!"

"మీ నాన్న బండికి కూడా నేనేరా ఇచ్చింది. పో, బిగించుకో."

నేను అక్కడే ఉన్నాను. కాఫీలో యాలకులు వేస్తున్నాను. ఆ కప్పు వదులుగా కదలడం నేనూ చూశాను. నా చెయ్యి ఆగింది, నోరు కదల్లేదు.

మరలు కలిశాయి. పెళ్ళిచూపులు బాగానే జరిగాయి. రెండో రోజు ఉమ్ముల్ జిమాల్ ఊరి వైపు నిండు ట్యాంకుతో వెళ్తుంటే, రింగు కూర్చోని సందులోంచి నూనె అంతా రోడ్డు మీదకు కారిపోయింది. ఆ బండిలో నూనె తగ్గితే వెలగాల్సిన ఎర్ర దీపం ఏనాడో మాడిపోయింది. నూనె లేక ఇంజను బిగుసుకుపోయి పట్టేసింది. అక్కడి ఆడవాళ్ళు ఖాళీ తొట్ల దగ్గర సాయంత్రం దాకా ఎదురుచూశారట.

సత్తామ్ వచ్చి అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. రెండు ఫిల్టర్లూ బల్ల మీద మూతీ మూతీ ఆనించి పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తాత వంగి చూశాడు. తేడా గుడ్డివాడికి కూడా వేలితో తెలిసేంత ఉంది. తాత చాలాసేపు వంగే ఉన్నాడు.

"నా తప్పే అబ్బాయ్" అన్నాడు చివరికి.

నబీల్ నవ్వించబోయాడు. "ఏం హాజీ, కళ్ళల్లో స్కేలు వంగిందా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నబీల్ తన షెడ్డులోకి వెళ్ళి ఊరికే ఒక పానాతో దేన్నో కొట్టడం మొదలుపెట్టాడు.

మిట్టమధ్యాహ్నం తాత షట్టరు దించాడు. నేను పుట్టాక ఆ షట్టరు ఆ వేళలో దిగడం చూడలేదు.

తొమ్మిది రోజులు కొట్టు తెరవలేదు. తాత ద్రాక్షపందిరి కింద కూర్చుని తన బొటనవేళ్ళను చూసుకునేవాడు. కాఫీ వద్దనేవాడు. "వేళ్ళు పోయాయి పిల్లా. ముసలితనం ముందు వేళ్ళకొస్తుందని తెలీదు నాకు" అనేవాడు. నాన్నమ్మ పోయినప్పుడు కూడా అంత చిన్నబోలేదు ఆ ముఖం.

రోజుకు పదిసార్లు చెప్పాలనుకున్నాను. తాతా, వేళ్ళు పోలేదు, కప్పు పోయింది, అనాలి. కానీ ఆ మాట అంటే, కప్పు ఎందుకో నాకు తెలుసని చెప్పినట్టే. నీకు చదువు రాదని ఎనిమిదేళ్ళుగా నాకు తెలుసు తాతా అని చెప్పినట్టే. ఆయన బతుకంతా దాచుకున్న సిగ్గును నా చేత్తో ఆయన ముందే విప్పాలా, లేక చెయ్యని తప్పు కింద ఆయన్ని అలా కూర్చోనివ్వాలా? ఇంత లెక్క ఎనిమిదో తరగతి తప్పినదానికి ఎలా తేలుతుంది? పైగా అందులో నా భయం ఎంత, ఆయన మీద జాలి ఎంత అని అడిగితే, భయమే ఎక్కువ. ఆ రోజుల్లో ఆయన కంచం ముందు కూర్చుంటే నాకు ముద్ద దిగేది కాదు. లేచి వెళ్ళి వంటింట్లో నిలబడి మాత్రం తినేదాన్ని. అదీ సిగ్గే.

పదో రోజు గురువారం. తాత ఇస్త్రీ చేసిన ఎర్రగళ్ళ తలగుడ్డ కట్టుకుని, "పికప్ తియ్యి. సత్తామ్ ఇంటికి వెళ్దాం" అన్నాడు. మా వంశంలో పెద్దమనుషులు ఇద్దరూ, నబీలూ వెనకాల ఎక్కారు. దారిలో తాత చెప్పాడు. కొట్టు నబీల్‌కి అమ్మేస్తాడట. వచ్చినదానితో సత్తామ్ బండికి కొత్త ఇంజను.

"మరి నువ్వేం చేస్తావు తాతా?"

"గొర్రెలు కాస్తాను. వాటికి ఫిల్టర్లుండవు."

నేను గేరు మార్చబోతే సరిగా పడక బండి గిర్రుమంది. "దానికీ ఇంజను పట్టించకే తల్లీ" అన్నాడు.

సత్తామ్ ఇంట్లో మగవాళ్ళు పెద్ద గదిలో చాపల మీద కూర్చున్నారు. నేను పక్క గదిలో అతని తల్లి దగ్గర. మధ్య తెర కాస్త పక్కకు జరిగి ఉంది, అన్నీ కనబడుతున్నాయి. సత్తామ్ తమ్ముడు కూజా ఎడమచేత పట్టుకుని మొదటి కప్పు తాతకు ఇచ్చాడు. తాత దాన్ని తాగకుండా ముందున్న చాప మీద పెట్టాడు. అడిగింది ఒప్పుకునేదాకా ఆ కప్పు అక్కడే ఉండాలి. ఒప్పుకుని ఆయన తాగాడంటే ఇక మాట తిరగదు.

"కాఫీ తాగండి హాజీ" అన్నాడు సత్తామ్.

"నా మాట తీర్చాక తాగుతాను. కొట్టు వదిలేస్తున్నాను. నీ ఇంజను నా మీద. కాదనకు."

"కొట్టు వదిలేయడమేంటి హాజీ? ఇంజనుదేముంది, ఇనుము. నబీల్ విప్పి చూశాడు, సగం పనికొస్తుందన్నాడు."

"సగం ఇంజనుతో నీళ్ళు పోస్తావా? నా పరువు సగం చెయ్యకు."

పెద్దవాళ్ళలో ఒకాయన, "కాఫీ చల్లారుతోంది బాబూ. పెద్దాయన తల దించుకుని నీ గడప దాకా వచ్చాడు" అన్నాడు. రెండో ఆయన కూడా అందుకున్నాడు. సత్తామ్ అటూ ఇటూ చూశాడు. ఎదురుచెప్పడం మర్యాద కాదు.

"సరే హాజీ" అన్నాడు నేల చూస్తూ. "మీ ఇష్టమే కానివ్వండి."

తాత కప్పు ఎత్తాడు. అలవాటు కొద్దీ బొటనవేలు అంచు మీదకు పోయింది. పోయి, అక్కడే ఆగింది. చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్ళీ తిరిగింది. కప్పు ఆయన పెదవికి జానెడు దూరంలో ఆగిపోయింది. నేను తెర సందులోంచి ఆ కప్పు చూశాను. మూడు ఖర్జూరపు చెట్లు. పాతరకం, వెడల్పు అంచు.

"ఈ కప్పులు ఎప్పటివి?" అన్నాడు తాత నెమ్మదిగా.

"నా పెళ్ళప్పటివి హాజీ, ఇప్పుడు దొరకడం లేదు, ఇప్పటివన్నీ ఇరుకు" అంది సత్తామ్ తల్లి లోపలి నుంచి.

 తాత మెడ కాస్త తెర వైపు తిరిగింది. తర్వాత, కప్పు పెదవి దాకా పోయింది.

నేను లేచాను. సత్తామ్ తల్లి నా జబ్బ పట్టుకుని, "ఎక్కడికే, మగాళ్ళున్నారు!" అంది. తెర తోసుకుని మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను.

"తాగకు తాతా! కప్పు నేను పగలగొట్టాను. పగలగొట్టి ఇరుకుది తెచ్చి పెట్టాను. తెలిసే పెట్టాను."

 నబీల్ అయోమయంగా నా వైపూ తాత వైపూ చూశాడు. "కప్పు పగిలితే ఏమైందమ్మా? కప్పుకీ ఇంజనుకీ ఏంటి సంబంధం?"

ఎవరికీ అర్థం కాలేదు. పిల్లకు ఎండ దెబ్బ తగిలిందనుకుంటున్నారు. తాత కావాలంటే, "పో లోపలికి" అని నన్ను గసిరి, కాఫీ తాగేసి, అంతటితో ముగించవచ్చు. ఆయన రహస్యం ఆయన దగ్గరే ఉండిపోయేది. నేను ఆయన ముఖం చూడలేకపోయాను. చాప అంచు మీది నూలుపోగును చూస్తూ నిలబడ్డాను.

కప్పు చాప మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"సంబంధం ఉంది నబీల్" అన్నాడు తాత. ఆయన గొంతు అంత సన్నగా ఉండగా నేనెప్పుడూ వినలేదు. "నాకు చదువు రాదు. డబ్బా మీద రాసింది నాకు గోడ మీది బల్లి లాంటిది. కప్పు పెట్టి కొలుస్తాను. ఇన్నేళ్ళూ మీరంతా నా కళ్ళు అనుకున్నారు, నేను అనుకోనిచ్చాను."

 తాత సత్తామ్ వైపు తిరిగాడు.

"పిల్లది కప్పు పగలగొట్టింది, అది పిల్లతనం. నువ్వు మూతీ మూతీ ఆనించి చూద్దామన్నావు. నేను వద్దన్నాను. అలా చూడటం మొదలుపెడితే రేపు ప్రతివాడూ చూస్తాడు, చూసి ఈ కప్పు ఎందుకు హాజీ అని అడుగుతాడు, అదీ నా భయం. నీ ఇంజను పట్టించింది కప్పు కాదు అబ్బాయ్. నా సిగ్గు."

సత్తామ్ తల గోక్కున్నాడు. ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. చివరికి నబీల్ అందుకున్నాడు.

"ముప్పై ఏళ్ళుగా హాజీ ఎంత కాఫీ తాగుతాడ్రా బాబూ, గుండె ఎలా ఆడుతోందా అని నేను దిగులుపడుతూ వచ్చాను!"

ముందు సత్తామ్ తమ్ముడి చేతిలో కూజా వణికింది. తర్వాత సత్తామ్ నోరు మూసుకున్నాడు, ఆపుకోలేక నవ్వేశాడు. తాత నవ్వలేదు. చెవులు తలగుడ్డ గళ్ళంత ఎర్రగా ఉన్నాయి. కానీ వీపు కాస్త నిటారైంది.

"హాజీ" అన్నాడు సత్తామ్. "నేను సరే అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మీరింకా తాగలేదు కదా. ఇంజను నబీల్ కడతాడు, సామాన్లు మీరివ్వండి. అది కట్టేదాకా మీ పికప్‌లో డ్రమ్ములు పెట్టి నీళ్ళు తోలుకుంటా. మీ మనవరాలు నడుపుతుంది, అది దానికి శిక్ష. ఇక నేను అడిగేది ఒకటుంది. శనివారం కొట్టు తెరవాలి. తెరుస్తానంటేనే ఆ కాఫీ తాగండి."

తాత చల్లారిన కాఫీ ఎత్తాడు. ఒక్క గుక్కలో తాగేశాడు. ఇక చాలన్నట్టు కప్పు ఊపి ఇచ్చేయాలి కదా, ఇవ్వలేదు. చేతిలోనే ఉంచుకున్నాడు. "పట్టుకెళ్ళు హాజీ, ఇంకా అయిదున్నాయి" అంది సత్తామ్ తల్లి.

తిరిగి వచ్చేటప్పుడు తాత ముందు సీటులో కప్పును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. నేను రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పలేదు. నబీల్‌నీ పెద్దవాళ్ళనీ దింపేశాక అడిగాను.

"నాకు తెలుసని నీకెప్పుడు తెలుసు?"

"నువ్వు నాలుగుని ఏడని చదివిన రోజు."

బండి దాదాపు కాలవలోకి పోయింది.

"సాయంత్రం కప్పు పెట్టి చూశాను" అన్నాడు. "నువ్వు చెప్పిన వరసలో అది కూర్చోలేదు. మిగతావి ఎప్పుడూ తప్పు చదవనిది, అదొక్కటే ఎందుకు తప్పు చదివిందా అనుకున్నాను. మర్నాడు పొద్దున నీ ముఖం చూస్తే తెలిసింది."

"మరి ఎందుకు అడగలేదు?"

"ఏమని అడగను? అడిగితే నాకెలా తెలిసిందో చెప్పాలిగా."

నాకు ఏడుపు వచ్చింది. ఆ మర్నాడూ, ఆ తర్వాతా, నేను బడి వదిలేసేదాకా, తర్వాత కూడా, ఆయన నా చేతిలో డబ్బా పెట్టి చదవమన్నాడు. శభాష్ అన్నాడు. ఖర్జూరాలిచ్చాడు. నేను ఆయన వెనక నవ్వుకుంటున్నానని తెలిసే ఇచ్చాడు.

శనివారం కొట్టు తెరిచాం. పెద్ద వరసలో డబ్బాలన్నీ దించి మళ్ళీ సర్దాం. వీధి అంతటికీ సంగతి పాకింది. మొదటి వారం కుర్ర మెకానిక్‌లు కాఫీ కప్పులు తెచ్చి, "హాజీ, నా తలకి ఏ సైజు?" అని ఏడిపించారు. తాత వాళ్ళ నెత్తి మీద నిజంగానే కప్పు బోర్లించి, "నీది ఖాళీ, దీనికి ఫిల్టరక్కర్లేదు" అన్నాడు. నవ్వాడు గానీ, వాళ్ళు వెళ్ళాక చాలాసేపు బల్ల తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. ఆ తుడుపు నావల్లే.

ఇప్పుడు ఎవరొచ్చినా పాత ఫిల్టరూ కొత్తదీ మూతీ మూతీ ఆనించి చూపిస్తాడు. డబ్బా నాకిచ్చి, అందరి ముందూ, "చదవవే, నాకు రాదు" అంటాడు. నేను ఒక్కో అంకె గట్టిగా, తప్పు లేకుండా చదువుతాను.

తాత తల ఊపుతాడు. తర్వాత సత్తామ్ తల్లి ఇచ్చిన కప్పు ఎత్తి, నా కళ్ళల్లోకే చూస్తూ, ఫిల్టరు మూతి మీద బోర్లిస్తాడు.